హాల్డేన్ మహాశయుడు

1964వ సంవత్సరము డిసెంబరు నెలలో కాకినాడ రంగరాయ వైద్య కళాశాలకు భువనేశ్వరమునుండి ఒక భౌతికకాయము చేరెను. అది దిక్కులేనివాని కాయము కాదు. స్కాట్లండు దేశపు ప్రసిద్ధ వంశమున పుట్టి, లండను నగరమున ఆచార్యపదవి నలంకరించి, భారతపౌరుడై మరణించిన ఒక మహాశాస్త్రజ్ఞుని దేహమది. తన శరీరము వైద్యవిద్యార్థుల చదువునకు ఉపయోగపడవలెనని ఆయన ముందుగనే వీలునామాలో వ్రాసియుంచెను. ఆయన పేరు జాన్ బర్డన్ శాండర్సన్ హాల్డేన్. లోకము ఆయనను జె. బి. ఎస్. హాల్డేన్ అని యెరుగును. చిట్టెలుకల వంశచరిత్రతో ఆరంభించి, ప్రాణులు రోగములతో సాగించుచున్న అనాదిసంగ్రామముయొక్క మర్మమును కనుగొన్నవారిలో ఆయన అగ్రగణ్యుడు.

హాల్డేన్ 1892వ సంవత్సరము నవంబరు 5వ తేదీన ఆక్స్‌ఫర్డు నగరమున జన్మించెను. తండ్రి జాన్ స్కాట్ హాల్డేన్ శ్వాసక్రియను గూర్చి పరిశోధించిన ప్రఖ్యాత శాస్త్రజ్ఞుడు. చెల్లెలు నయోమి తరువాతి కాలమున రచయిత్రిగా కీర్తి గడించెను. గనులలోని విషవాయువులవలన కార్మికులు మరణించుచుండగా, ఆ వాయువులను పరీక్షించుటకై తండ్రి స్వయముగా గనులలోనికి దిగుచుండెడివాడు. కుమారుని కూడ వెంట తీసికొనిపోవుచుండెడివాడు. ఒకనాడు ఒక బొగ్గుగనిలో, పైకప్పు నంటి దుర్వాయువు నిలిచియున్న చోట బాలుని నిలువబెట్టి, షేక్స్‌పియరు నాటకమునందలి ఆంటోనీ ఉపన్యాసమును వల్లింపుమనెను. కొన్ని వాక్యములు పలుకునంతలోనే బాలునకు ఊపిరాడలేదు. కాళ్లు తడబడి నేలపై కూలెను. నేలమీది గాలి స్వచ్ఛముగా నుండుటచే మరల తెప్పరిల్లెను. ఆ వాయువు గాలికంటె తేలికయని అతడు పుస్తకమువలన గాక తన దేహమువలన నేర్చుకొనెను. సత్యమును తెలిసికొనుటకు మొదట తన శరీరమునే పణముగా ఒడ్డవలెనను నియమము నాటినుండి అతని మనస్సున నాటుకొనెను.

1901వ సంవత్సరమున తండ్రి ఎనిమిదేండ్ల కుమారుని ఒక ఉపన్యాసమునకు తీసికొనిపోయెను. మెండెల్ అను మతగురువు బఠాణీ మొక్కలపై ప్రయోగములు చేసి కనుగొన్న వంశపారంపర్య సూత్రములు 35 ఏండ్లు మరుగునపడియుండి, అంతకు ముందు సంవత్సరమే మరల వెలుగులోనికి వచ్చియుండెను. ఆనాటి ఉపన్యాసము వానిని గూర్చియే. తల్లిదండ్రుల లక్షణములు బిడ్డలకు ఒక లెక్క ననుసరించి సంక్రమించునను మాట గణితప్రియుడగు ఆ బాలుని మిక్కిలి ఆకర్షించెను. కొన్నేండ్లకు నయోమి ఇంటి తోటలో గినీపందులను పెంచసాగెను. అన్నాచెల్లెండ్రు వాని రంగులను, సంతానమును లెక్కవేసి మెండెల్ సూత్రములను పరీక్షించిరి. పిదప చిట్టెలుకలను పెంచిరి. స్ప్రంట్ అను మిత్రుడు వారికి తోడ్పడెను.

తెల్లని వెండ్రుకలకు కారణమగు జన్యువును, ఎఱ్ఱని కన్నులకు కారణమగు మరియొక జన్యువును చిట్టెలుకలలో తరచు కలిసియే సంతానమునకు చేరుచున్నవని వారు గమనించిరి. అనగా ఆ రెండు జన్యువులును ఒకే దారముమీది పూసలవలె ఒకే క్రోమోజోముపై నున్నవి. క్షీరదములలో ఇట్టి సంబంధమును తొలిసారిగ చూపిన వ్యాసము 1915లో ప్రకటింపబడెను. అప్పటికి మొదటి ప్రపంచయుద్ధము సాగుచుండెను. హాల్డేన్ ఫ్రాన్సు దేశపు యుద్ధరంగమున కందకములలో నుండెను. స్ప్రంట్ ఆ యుద్ధముననే ప్రాణములు కోల్పోయెను. ముగ్గురి పేర్లతో వెలువడిన ఆ చిన్న వ్యాసమును చూచుటకు ముగ్గురును మిగులలేదు.

ఆ సంవత్సరముననే శత్రువులు క్లోరిను వాయువును ప్రయోగింపగా, రక్షణసాధనములను పరీక్షించుటకు తండ్రి కుమారుని యుద్ధరంగమునుండి పిలిపించెను. తండ్రియు కుమారుడును విషవాయువు నింపిన గదిలో తామే కూర్చుండి ప్రయోగములు చేసిరి. తరువాత హాల్డేన్ మరల పోరునకు పోయి గాయపడెను. ఇరాకు దేశమున రెండవసారి గాయపడినప్పుడు చికిత్సకై ఆయనను భారతదేశమునకు పంపిరి. ఈ దేశమును ఆయన చూచుట అదియే ప్రథమము. పాలకుల పక్షమున వచ్చిన సైనికుడైనను, ఇచ్చటి ప్రజలపై ఆయనకు కలిగిన ఆదరము ఎన్నడును తరగలేదు.

యుద్ధానంతరము హాల్డేన్ ఆక్స్‌ఫర్డులోను, 1923 మొదలు కేంబ్రిడ్జిలోను పనిచేసి, 1933లో లండను యూనివర్సిటీ కాలేజీలో ఆచార్యుడయ్యెను. ఆశ్చర్యమేమన, ఆయనకు విజ్ఞానశాస్త్రమున పట్టము లేదు. ఆయన చదివినవి గణితమును, ప్రాచీన గ్రీకు లాటిను సాహిత్యములును. ఆ గణితముతోనే ఆయన డార్విను సిద్ధాంతమునకు బలము చేకూర్చెను. ప్రకృతి ఒక లక్షణమును కొంచెముగా ఆదరించినచో, ఎన్ని తరములలో ఆ లక్షణము జాతియందంతటను వ్యాపించునో ఆయన లెక్కకట్టి చూపెను. 1924 మొదలు పదేండ్లపాటు ఈ విషయమై వరుసగా వ్యాసములు ప్రకటించెను.

లండనులో ఆయనకడకు పీటర్ గోరర్ అను యువ వైద్యుడు జన్యుశాస్త్రము నేర్చుకొనుటకు వచ్చెను. మనుష్యులలో ఎ, బి, ఓ అను రక్తవర్గములున్నట్లు చిట్టెలుకలలో కూడ ఉండునేమో పరీక్షింపుమని హాల్డేన్ అతనికి సూచించెను. ఒక ఎలుక శరీరమునందలి కంతిని మరియొక ఎలుకకు అంటుగట్టినపుడు కొన్నిట పెరుగుటకును, కొన్నిట నశించుటకును రక్తవర్గములవంటి భేదములే కారణము కావచ్చునని హాల్డేన్ తలంచియుండెను. గోరర్ మొదట తన రక్తరసమునే తీసికొని వేర్వేరు సంతతుల ఎలుకల రక్తకణములతో కలిపి చూచెను. కణములు ముద్దకట్టుటలో సంతతికి సంతతికి భేదము కనిపించెను. 1936, 1937 సంవత్సరములలో అతడు ప్రకటించిన ఫలితములు గురువు ఊహను నిలబెట్టెను. రక్తకణములపై గోరర్ గుర్తించిన రెండవ పదార్థము గల ఎలుకలలో కంతి పెరిగెను. అది లేని ఎలుకలు కంతిని పరాయిదిగా నెంచి తిరస్కరించెను. తరువాత అమెరికా శాస్త్రజ్ఞుడు జార్జి స్నెల్‌తో కలిసి గోరర్ చేసిన కృషివలన 1948లో ఆ జన్యుస్థానమునకు హెచ్-2 అను పేరు స్థిరపడెను.

ప్రకృతిలో ఏ ఎలుకయు మరియొక ఎలుక మాంసమును తనకు అంటుగట్టుకొనదు. మరి ఈ జన్యువులు దేనికొరకు? ఒక్కొక్క ఎలుకలో ఒక్కొక్క తీరుగ నుండుటకు కారణమేమి? ఈ ప్రశ్నకు దారి చూపుటయే హాల్డేన్ జీవితమునందలి గొప్ప ఘట్టము.

హైదరాబాదునకు తూర్పున వనస్థలిపురము చెంత హరిణవనస్థలి యను ఉద్యానమున్నది. అచ్చట మేయుచున్న ఆడజింకల మందను చూచినవారికి అవి యన్నియు ఒకే పోలికగ తోచును. కన్ను చూడగల భేదములు కొలదియే. కాని వాని రక్తములోను, కణములలోను ప్రతిదానికి ప్రత్యేకత యున్నది. మనుష్యులును అట్టివారే, ఎలుకలును అట్టివే. లోపల దాగిన ఈ వైవిధ్యము వ్యర్థము కాదనియు, రోగముల దాడియే దానిని పోషించుచుండవచ్చుననియు 1949లో ప్రకటించిన ఒక వ్యాసమున హాల్డేన్ వాదించెను. ఆకలి, చలి, క్రూరమృగములు మాత్రమే ప్రాణులను ఎన్నుకొనుననియే అంతవరకు పలువురు భావించుచుండిరి. కంటికి కనిపించని సూక్ష్మజీవులు వానికి తీసిపోని పరీక్షకులని ఆయన చూపెను.

ఆయన భావమును ఒక ఉపమానముతో గ్రహింపవచ్చును. ఒక ఊరిలోని ఇండ్లన్నిటికిని ఒకే తీరు తాళములున్నచో, ఒక్క తాళపుచెవి సంపాదించిన దొంగ ఊరంతయు దోచును. ఇంటింటికి వేరు తాళమున్నచో అతడు ఒకటి రెండిండ్లకు మించి దోచలేడు. సూక్ష్మజీవులు త్వరత్వరగా తరములు మార్చుకొనుచు, ఎక్కువమందిలో నున్న తాళమునకు సరిపడు చెవిని సమకూర్చుకొనుచుండును. అప్పుడు అరుదైన తాళము గలవారే మేలు పొందుదురు. వారి సంతానము పెరిగి ఆ తాళము సామాన్యమైన కొలది, సూక్ష్మజీవి దానికిని చెవి చేసికొనును. కనుక ఏ ఒక్క తాళమును శాశ్వతముగ గెలువదు. జాతియందు వైవిధ్యమే నిలిచియుండును.

1897వ సంవత్సరము ఆగస్టు 20వ తేదీన సికిందరాబాదులో రోనాల్డు రాస్ దోమ కడుపున మలేరియా క్రిమిని కనుగొనెను. ఆ వ్యాధియే హాల్డేన్ వాదమునకు ఒక నిదర్శనమయ్యెను. తలసీమియా అను రక్తవ్యాధిని కలిగించు జన్యువు మధ్యధరా సముద్రతీర ప్రాంతములలో ఏల అంత హెచ్చుగ నున్నదని ఆయన ఆలోచించెను. తల్లిదండ్రులిద్దరినుండియు ఆ జన్యువును పొందిన బిడ్డ వ్యాధిగ్రస్తుడగును. ఒక్కరినుండియే పొందినవాడు మలేరియాను తట్టుకొనగలుగును గనుక ఆ జన్యువు నశింపక నిలిచినదని ఆయన ఊహించెను. ఇట్టి సంబంధమునే 1954లో ఆలిసన్ అను వైద్యుడు ఆఫ్రికావాసుల కొడవలికణ వ్యాధియందు నిరూపించెను.

ఎలుకలకు సంబంధించిన నిదర్శనము కూడ మన దేశముననే యున్నది. 1896లో బొంబాయి నగరమున ప్లేగు వ్యాపించెను. ఎలుకలు మొదట రాలి, పిదప మనుష్యులు మరణించిరి. ఇరువదవ శతాబ్ది తొలి దశలలో ప్లేగు పరిశోధకసంఘమువారు పలు నగరముల ఎలుకలను తెచ్చి పరీక్షించిరి. ప్లేగు ఎన్నో ఏండ్లు చెలరేగిన బొంబాయి ఎలుకలలో అనేకములు ఆ వ్యాధిని తట్టుకొనెను. ప్లేగు అంతగా సోకని మద్రాసు ఎలుకలు సులభముగ చచ్చెను. రోగమును తట్టుకొనలేనివి నశింపగా, తట్టుకొనినవాని సంతానమే బొంబాయి వీథులలో మిగిలెనని దీనివలన తెలియుచున్నది. ఎలుక, ఉడుత, పందికొక్కు మొదలగు కొరుకు జంతువులను కృంతకములందురు. ఆంగ్లేయులు బాండికూట్ అను పేరును తెలుగువారి పందికొక్కునుండియే గ్రహించిరి. ధాన్యపు గాదెలలో గుంపులుగ బ్రతుకు ఈ జాతులలో అంటురోగము దావానలమువలె వ్యాపించును. వాని జన్యువులలో ఆ పోరాటపు గురుతులు నిలిచియుండుటలో వింత లేదు.

హాల్డేన్ ఊహించిన దానిని తరువాతి శాస్త్రజ్ఞులు ఒక్కొక్కటిగ స్పష్టపరచిరి. హెచ్-2 జన్యువులు కణముపై పళ్లెరమువంటి పదార్థమును నిర్మించునని తేలెను. కణములోపల తయారగు పదార్థముల తునకలను ఆ పళ్లెరము బయట ప్రదర్శించును. టి-కణములను రక్షకభటులు వానిని సోదాచేసి, వైరసు తునక కనిపించినచో ఆ కణమును సంహరించును. ఈ మర్మమును 1974లో జింకర్‌నాగెల్, డోహెర్టీ అనువారు చిట్టెలుకలపై ప్రయోగములు చేసి చూపిరి. పళ్లెరముల ఆకృతులు వేరైనచో అవి పట్టుకొను తునకలును వేరగును. కనుక ఒకనికి దొరకని వైరసు మరియొకనికి దొరకును. మానవులలో ఇట్టి జన్యువులు వేలకొలది రూపములలో నున్నవి. ఎలుకజాతియు చిట్టెలుకజాతియు వేరుపడి కోటి సంవత్సరములు దాటినను, ఆ విభజనకు ముందటి రూపభేదములు కొన్ని రెండిటియందును నేటికిని నిలిచియున్నవని 1988లో కొందరు పరిశోధకులు తెలిపిరి. ఒక జాతి రెండైనను ఆ వైవిధ్యము నశింపలేదనగా, దాని విలువ యెంతటిదో ఊహింపవచ్చును.

ఇంతటి మేధావియందును లోపము లేకపోలేదు. పేదల పక్షము వహించిన హాల్డేన్ 1942లో కమ్యూనిస్టుపార్టీలో చేరెను. ఆ కాలమున సోవియట్ దేశమున లైసెంకో అనువాడు ప్రభుత్వబలముతో జన్యుశాస్త్రమునే నిషేధింపజేసెను. హాల్డేన్ ఎరిగిన మహాశాస్త్రజ్ఞుడు వవిలోవ్ చెరసాలలో 1943లో మరణించెను. తన శాస్త్రమునకు అన్యాయము జరుగుచున్నను, పార్టీపైగల అభిమానముచే హాల్డేన్ బహిరంగముగ ఖండించుటకు చాలకాలము వెనుదీసెను. 1950 ప్రాంతమున పార్టీని విడిచెను. భిన్నాభిప్రాయమును సహింపని వ్యవస్థను, భిన్నత్వపు విలువను లోకమునకు చాటినవాడే ఆలస్యముగ గుర్తించెను. ఆయన కీర్తిలో ఇది చెరగని మచ్చ.

1957లో హాల్డేన్ తన భార్యయు శాస్త్రజ్ఞురాలును అగు హెలెన్ స్పర్వేతో భారతదేశమునకు వచ్చి, మహలనోబిస్ ఆహ్వానముపై కలకత్తాలోని భారత గణాంకశాస్త్ర సంస్థలో చేరెను. జుబ్బా ధరించి, శాకాహారమును స్వీకరించి, 1961లో భారతపౌరుడయ్యెను. పిమ్మట ఒరిస్సా రాష్ట్రమున భువనేశ్వరమునకు తరలి అచ్చట పరిశోధనశాలను నెలకొల్పెను. విలువగల యంత్రములు లేవని చింతింపక, తోటలోని సీతాకోకచిలుకలను, కొబ్బరిచెట్లను, పక్షులను శ్రద్ధగ లెక్కింపుడని ఆయన శిష్యులకు బోధించెను. పిఠాపురమున జన్మించిన ద్రోణంరాజు కృష్ణారావు ఆయన శిష్యులలో ప్రముఖుడు. పూలపై వ్రాలు సీతాకోకచిలుకలు ఏ రంగును కోరునో పరిశీలించుటతో అతని కృషి మొదలయ్యెను. ఆంధ్రప్రదేశమున వాడుకలోనున్న మేనరికములను గూర్చియు అతడు పరిశోధించెను. దగ్గరి బంధువుల బిడ్డలలో ఒకే జన్యువు తల్లినుండియు తండ్రినుండియు వచ్చు అవకాశము హెచ్చు. కనుక ఎలుకల సంతతులను గూర్చి గురువు నేర్చిన పాఠము తెలుగువారి ఇండ్లకు కూడ చెందినదే.

1963 చివర హాల్డేనునకు పుట్టకురుపు సోకినట్లు తేలెను. శస్త్రచికిత్సకై లండను ఆసుపత్రిలో నుండగా ఆయన ఆ వ్యాధిపైననే ఒక హాస్యకవితను వ్రాసి ప్రకటించెను. రోగలక్షణములు కనిపించినవారు సిగ్గుపడి జాగుచేయక వైద్యుని చూడవలెనని హెచ్చరించుటయే దాని యుద్దేశము. స్వదేశముగ వరించిన భారతభూమికి తిరిగివచ్చి, 1964 డిసెంబరు 1వ తేదీన భువనేశ్వరమున ఆయన కన్నుమూసెను.

అటుపిమ్మట ఆయన దేహము కాకినాడకు ప్రయాణము చేసెను. బాల్యమున బొగ్గుగనిలో కూలిన నాటినుండి విషవాయువుల గదులవరకు, తన శరీరమును విద్యకొరకు వినియోగించిన ఆ మహాశయుడు మరణానంతరము కూడ ఆ నియమమును తప్పలేదు. ఆయన అస్థికలు రంగరాయ వైద్య కళాశాలలో భద్రపరుపబడినవి. బాల్యమున చెల్లెలితో కూడి చిట్టెలుకలను లెక్కించిన ఆ చేతి ఎముకలు తెలుగునాట విద్యార్థులకు పాఠ్యవస్తువులైనవి. ఒక్కరివలె ఒక్కరు ఉండకపోవుటయే అందరికిని రక్షయని ఆయన ఎలుకలనుండి నేర్చి మానవులకు నేర్పెను.